శిలువల అమ్మాయి, మురాసె బామ్మగారు

కనజావాలో మా అగరొత్తుల దుకాణానికి ఎదురుగా ఉన్న బౌద్ధాలయం రియోకే గురువుగారిది. ఆయన కూతురు కజుహ వారమంతా పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసేది. ఆదివారం వస్తే వేరే అవతారం ఎత్తేది. గొడుగులా విచ్చుకున్న నల్ల గౌను, తల మీద నల్ల లేసు ముసుగు, మెడలో అరచేయంత వెండి శిలువ, నడుముకు జపమాల, శవపేటిక ఆకారంలో చేతిసంచి. గౌను అంచు చుట్టూ చర్చి కిటికీలు, వాటిలో ఏసు తల్లి బొమ్మలు. అలాంటి బట్టలే వేసుకునే స్నేహితురాళ్ళతో టీ తాగి, ఫోటోలు దిగి వచ్చేది.

గురువుగారు మెత్తని మనిషి. కూతుర్ని వద్దనలేదు గానీ, వెనక సమాధుల దారిన వెళ్ళమని బతిమాలుకున్నారు. భక్తుల సంఘం పెద్ద మురాసె హరుయోషి చూస్తే ఏమంటాడో అని ఆయన భయం.

ఆగస్టులో, పెద్దల పండుగ ముందు, హరుయోషి తల్లి తొకుకో బామ్మగారు ఆ వెనకే భర్త సమాధి కడుగుతున్నారు. ఎనభై దాటిన మనిషి. తలెత్తేసరికి అగరొత్తుల పొగలోంచి ఒక నల్ల ముసుగూ మెరిసే శిలువా తన వైపే వస్తున్నాయి. చేతిలో నీళ్ళ గరిటె జారిపోయింది. ఆవిడ గబగబా నుదుటి మీదా గుండె మీదా భుజాల మీదా శిలువ గుర్తు వేసుకుని చేతులు జోడించారు.

"వచ్చేశావా తల్లీ? కాస్త ఆగు. బట్టలు దండెం మీదే ఉన్నాయి, వాన వచ్చేలా ఉంది. తీసి మడత పెట్టి వచ్చేస్తాను."

"బామ్మగారూ, నేనండీ. కజుహని."

బామ్మగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. ప్రాణం దక్కినందుకు సంతోషించాలో, వచ్చింది ఏసు తల్లి కానందుకు బాధపడాలో తేలక అక్కడే గట్టు మీద కూలబడ్డారు. నువ్వు ఏసును ఎప్పుడు నమ్ముకున్నావని అడిగారు. నమ్ముకోలేదనీ, అందంగా ఉందని కొనుక్కున్నాననీ కజుహ సిగ్గుపడుతూ చెప్పింది.

అప్పుడు బామ్మగారు ఎవరికీ చెప్పని సంగతి చెప్పారు. చిన్నప్పుడు సన్యాసినుల బడిలో చదివి బాప్తిస్మం తీసుకున్నారట. మురాసె వారింటికి కోడలిగా వచ్చాక అత్తగారి ముందు నోరు తెరిచే ధైర్యం లేకపోయింది. అరవై ఏళ్ళుగా పూజగదిలో పెదవుల మీద అమిదా బుద్ధుడి నామం, మనసులో ఏసు తల్లి ప్రార్థన.

చెప్పడం అయ్యాక ఆవిడ గౌను అంచు దగ్గరికి లాక్కుని పరీక్షగా చూశారు. చుట్టూ అచ్చేసిన ప్రార్థన కుట్టు దగ్గర సగంలో తెగిపోయింది. జపమాలకు పూసలు చాల్లేదు.

"ఏసు తల్లి అంటావు గానీ, ఈయనకి గడ్డం ఉందే."

అది నీడ అనుకున్నానంది కజుహ.

ఆ చనువుతోనే బామ్మగారు ఒక్కసారి చర్చికి తీసుకెళ్ళమని అడిగారు. ఊళ్ళో అందరూ గుర్తుపడతారేమోనని కజుహ సందేహించింది.

"నీ పక్కన నడుస్తుంటే నన్నెవరు చూస్తారే? అందరూ నిన్నే చూస్తారు."

అదే జరిగింది. బస్సులో కళ్ళన్నీ కజుహ మీదే. చర్చిలో ఫాదర్ ఎంతో ఆదరంగా కజుహను ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరించాలో తెలియక ఆమె అందరూ కూర్చున్నప్పుడు లేచింది. వెనక వరసలో బామ్మగారు మాత్రం ఒక్క మాట తడబడకుండా ప్రార్థన చెబుతూ, చేతిరుమాలు తడిసేలా ఏడ్చారు.

శరదృతువు దాకా ఆదివారాలు అలాగే సాగాయి. చివరికి ఎవరో చూసి హరుయోషికి చేరవేశారు. అతను ఆలయానికి వచ్చిపడ్డాడు. చందనం కట్టలు ఇవ్వడానికి వెళ్ళి నేనూ అక్కడే ఇరుక్కుపోయాను.

"మీ అమ్మాయి మా అమ్మని క్రైస్తవుల్లో కలిపేస్తోందండీ. గుడి పిల్ల చేయాల్సిన పనేనా ఇది?"

గురువుగారికి చెమటలు పట్టాయి. కజుహ తలొంచుకుని, తప్పు తనదే, తనే బలవంతంగా తీసుకెళ్ళానంది. బామ్మగారి రహస్యం మాత్రం బయటపెట్టలేదు. కొడుకు వెనకే రొప్పుతూ వచ్చిన బామ్మగారు గుమ్మంలోంచే అది విన్నారు.

"దాన్ని అనకురా. దేవుడి గురించి దానికి ఒక్క ముక్క తెలీదు. తెలిసిందల్లా లేసే. నేను నువ్వు పుట్టకముందు నుంచే క్రైస్తవురాల్ని."

 మరి రోజూ పూజగదిలో చేసిన నమస్కారాలు ఎవరికని హరుయోషి అడిగాడు.

"మీ నాన్న ఫోటోకి. ఆయనంటే నాకు ఇష్టమేగా." ఆవిడ గురువుగారి వైపు తిరిగారు. "నాకు ఒకటే దిగులండీ. చచ్చాక ఆయన పక్కన చోటు ఇస్తారా, బయటికి గెంటేస్తారా?"

గురువుగారు చెమట తుడుచుకుని, జీవితంలో మొదటిసారి సంఘం పెద్ద మొహం చూడకుండా జవాబిచ్చారు. "ఆ చోటు మీదేనండీ. సమాధి లోపల ఎవరు ఏ ప్రార్థన చేసుకుంటున్నారో నేను చెవి పెట్టి వినను."

హరుయోషి ఇప్పుడు తనే తల్లిని కారులో చర్చికి దింపుతున్నాడు. మంచు పడిన రోజున లోపలికెళ్ళి కూర్చున్నాడట, నిద్రపోయాడట. కజుహ అక్కడి ముసలమ్మలకి లేసు ముసుగులు కుడుతోంది.

నిజంగా నమ్మకం కలిగిందా అని గురువుగారు ఒకసారి భోజనాల దగ్గర అడిగారు. ఇంకా లేదనీ, బామ్మగారు ప్రార్థిస్తుంటే పక్కన కూర్చోవడం మాత్రం బాగుంటుందనీ కజుహ చెప్పింది. ఆయన మరేమీ అడక్కుండా కూతురి గిన్నెలో ఇంకాస్త మిసో పులుసు పోశారు.