లండన్‌లో కరెంటు కోత

మే నెల ఎండలో దామోదర్ టై కట్టుకుని మురళీధర్ ఇంటికి వచ్చాడు. ఉప్పల్‌లోని ఆ గల్లీలో టైని పెళ్లికొడుకు మెడలో తప్ప ఎవరూ చూసి ఎరగరు. తన అన్న మురళీధర్ సగం ఆ టైకే పడిపోయాడని సూర్యకళ అనుమానం.

మిగతా సగం దామోదర్ చూపించిన వెబ్‌సైట్‌కి. లండన్ కంపెనీ అట, బంగారం మీదా డాలర్ల మీదా ఆన్‌లైన్ ట్రేడింగ్ అట. మార్చిలో మురళీధర్ పెట్టిన యాభై వేలు స్క్రీన్ మీద లక్షా పదివేలయ్యాయి. ఒక్కరోజూ నష్టం లేదు. పోనీ ఆ డబ్బు చేతికివ్వమంటే, ఇంకో ఎనిమిది లక్షలు కట్టి గోల్డ్ మెంబర్ అయితేనే తీసుకోనిస్తారట. మన డబ్బు మనకివ్వడానికి మళ్లీ డబ్బు కట్టమనేవాణ్ణి దొంగ అనకుండా సార్ అంటున్న అన్నను చూస్తే ఆమెకు ఒళ్లు మండింది. ఫ్యాక్టరీ మూసేసినప్పుడు అతని చేతిలో పెట్టిన ఎనిమిది లక్షలవి. అవి పోతే ఇంకేమీ లేదు. చెబితే వినడు. చెక్కు రాసి బల్ల మీద పెట్టుకున్నాడు, సంతకం ఒక్కటే తక్కువ.

సూర్యకళ నాచారం సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. లండన్ సైటు తెరుచుకోవడం లేదని అన్న ఆమెకు మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ పొద్దున పదకొండు దాటాకే. ఆమె లాగ్‌బుక్ తిరగేసింది. రసీదు మీద నాచారం అని ఉన్న దామోదర్ ఆఫీసు వీధికి ఆ వేసవిలో కరెంటు కోత పదకొండు నుంచి ఒంటిగంట దాకా. ఈ పెద్దమనిషి ఎప్పుడూ తొమ్మిదిన్నరకు వచ్చి పదిన్నరకు లేచి వెళ్లిపోయేది అందుకే. అయితే ఈ రోజు నుంచి కోత పదింటికి మారింది. ఆ కబురు నిన్న సాయంత్రమే సబ్‌స్టేషన్‌కు చేరింది. దామోదర్‌కు చేరలేదు.

అతను ల్యాప్‌టాప్ తెరిచి డేటా కార్డు గుచ్చాడు. సర్వర్లన్నీ లండన్‌లోనే ఉన్నాయని, ఇరవై నాలుగ్గంటలూ నడుస్తాయని పాఠం అప్పజెప్పాడు.

"కరెంటు గిట్ల పోతే?" అడిగింది సూర్యకళ.

"లండన్‌ల కరెంటు పోతదా మేడం" అని జాలిగా నవ్వాడు.

పదయింది. అంకెలు పచ్చగా ఎగురుతూనే ఉన్నాయి. పదీ అయిదు, పదీ ఎనిమిది. మురళీధర్ చెల్లెలి వైపు గెలిచినట్టు చూసి పెన్ను మూత తీశాడు. లెక్క ఎక్కడ తప్పిందో ఆమెకు అంతుబట్టలేదు. చెక్కు మీద మొదటి అక్షరం పడింది. అప్పుడు తట్టింది, కరెంటు పోయినా కాసేపు నడిపించే యూపీఎస్ ఆ ఆఫీసులో ఉండి ఉంటుందని.

"అన్నా, జర ఆగు. చాయ్ తాగి సంతకం జెయ్యి. లండన్ యాడికి పోదు."

పదీ పన్నెండుకు అంకెలు ఆగిపోయాయి. పేజీ తెల్లబడింది. దామోదర్ డేటా కార్డు పీకి మళ్లీ పెట్టాడు. వేరే సైటు ఏదైనా తెరవమంది సూర్యకళ. రైలు టికెట్ల సైటు టక్కున తెరుచుకుంది.

"నెట్టు మంచిగనే ఉంది. మీ గల్లీకే కరెంటు తీసిన్రు. నీ యూపీఎస్ పన్నెండు నిమిషాలు గుంజింది. టైర్ల షాపు మీది రూముల లండన్ పెట్టినవ్, గింత దోసుకుంటున్నవ్, ఒక ఇన్వర్టర్ కొనుక్కోరాదు?"

దామోదర్ చెయ్యి సెల్‌ఫోన్ వైపు వెళ్లింది. ఆమె చెయ్యి ముందే దాని మీద ఉంది. మురళీధర్ చెక్కు చింపేసి, బల్ల మీదున్న దామోదర్ బైకు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మూడు నెలల్లో అతను చేసిన తెలివైన పని అదొక్కటే. రసీదులు, మెసేజ్‌లు ఒక్కటీ పారేయొద్దని అన్నకు చెప్పి, సూర్యకళ పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసింది.

ఎస్సై వెళ్లేసరికి లండన్ ఆఫీసులో ఇద్దరు చొక్కాలు విప్పి అట్టముక్కలతో విసురుకుంటున్నారు. కరెంటు లేదు కాబట్టి ఏదీ చెరపడానికి వీల్లేకపోయింది. పన్నెండింటికి కరెంటు రాగానే ఎస్సై కంప్యూటర్ ఆన్ చేయించి, మురళీధర్‌ను పిలిచి చూపించాడు. పట్టికలో అతని పేరు ఎదురుగా రేపటి లాభం, ఎల్లుండి లాభం, నెలాఖరు దాకా లాభాలన్నీ ముందే టైపు చేసి ఉన్నాయి.

మురళీధర్ చివరి వరుస దాకా చదివాడు. తన యాభై వేలు ఎక్కడున్నాయో మాత్రం ఏ వరుసలోనూ లేదు.