సలోమి కుడిచెయ్యి

నేను ఒక గిటారును. గొప్పింటి గిటారును కాను. కలకత్తా శివార్లలో ఒక రేకుల షెడ్డులో, పొరలు పొరలుగా అంటించిన పలకలతో నన్ను చేశారు. నాది అస్తమించే సూర్యుడి రంగని అట్టపెట్టె మీద అచ్చేశారు గానీ, చూసినవాళ్లందరూ బెల్లంపాకం రంగనే అన్నారు. ఆరు ఉక్కు తీగలు, పొడుగాటి మెడ, కడుపు నిండా ఖాళీ. ఆ ఖాళీయే నా గొంతు.

మొదట నన్ను కొన్నవాడు విశాఖపట్నంలో ఇంజనీరింగు చదివే కుర్రాడు. వాడికి వాయించాలన్న కోరిక కంటే వాయించేవాడిలా కనపడాలన్న కోరిక ఎక్కువ. నన్ను భుజాన వేసుకుని బీచిలో ఫోటోలు దిగాడు. ఒకే ఒక్క పాట మొదటి ముక్క నేర్చుకుని, ఎవరడిగినా అదే వాయించి, మిగతాది మర్చిపోయానని నవ్వేసేవాడు. చదువు చివరి ఏడాది వచ్చేసరికి నా మెడ తడి తువ్వాళ్లు ఆరేసుకోవడానికి పనికొచ్చింది. హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు కాకినాడలోని మేనమామ ఇంట్లో వదిలేశాడు. ఆ మేనమామ నన్ను మెయిన్ రోడ్డులోని వాయిద్యాల కొట్టుకు అమ్మేశాడు. అక్కడ గోడకు వేలాడుతూ, వచ్చిపోయే పిల్లలు చూపుడువేలితో మీటి పారిపోతుంటే ఓర్చుకుంటూ చాలాకాలం ఉన్నాను.

సలోమి నన్ను అక్కడే చూసింది. నలభై ఆరేళ్ల మనిషి, సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ వార్డులో నర్సు. కొట్టతను బాబు కోసమా, పాప కోసమా అని అడిగాడు. నా కోసమేనని చెప్పి, అలా చెప్పినందుకు సిగ్గేసినట్టుగా హ్యాండ్‌బ్యాగులో లేనిదేదో వెతుక్కుంది.

ఆ కోరిక పాతదని తర్వాత తెలిసింది. చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం చర్చిలో ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని, అవతల గిటారు వాయించే మగపిల్లల వేళ్లనే చూస్తూ పెరిగింది. అడిగితే వాళ్ల నాన్న, పాడటం చాల్లే అన్నాడట. నర్సింగు చదువు, పెళ్లి, పిల్ల, డ్యూటీలు. కూతురు గుంటూరులో హాస్టల్లో చేరాక ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అప్పుడు ఫోనులో ఒక గిటారు కోర్సులో చేరి, ఆ వారమే నన్ను కొనుక్కుంది.

ఆ కోర్సు చెప్పే అబ్బాయి ప్రతి పాఠం చివరా ఒకటే మాట అనేవాడు. సాధన చేస్తే రానిదంటూ లేదని. మనుషులు ఇలాంటి మాటల్ని ఇష్టంగా నమ్ముతారు. సలోమి ఇంకా ఇష్టంగా నమ్మింది. మధ్యాహ్నం డ్యూటీ దిగి, స్నానం చేసి, అన్నం తిని, కిటికీ పక్క కుర్చీలో నన్ను ఒళ్లోకి తీసుకునేది. ఎంత సబ్బుతో కడిగినా ఆమె వేళ్లకు స్పిరిట్ వాసన ఉండేది. మొదట్లో వేళ్లకొసలు పొక్కాయి. తర్వాత గట్టిపడ్డాయి. వేళ్లతో తీగలు నొక్కిపట్టే ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు మారేటప్పుడు పాట ఆగిపోయేది, ఆమె వేళ్లను ఒక్కొక్కటే ఎత్తి ఒక్కొక్కటే పెట్టుకునేది. కొన్నాళ్లకు ఆగడం తగ్గింది. ఫోను పాఠాలు చాలక, శనివారం సాయంత్రాలు విక్టర్ మాస్టారి దగ్గరికి కూడా వెళ్లడం మొదలుపెట్టింది. ఆయన ఒకప్పుడు పెళ్లి రిసెప్షన్లలో బ్యాండుతో వాయించినవాడు. పొగడ్త ఆయన నోటి నుంచి రావడం కష్టం. అలాంటిది, మొదటి ఏడాది గడిచేసరికి, మీకు తాళం ఒంట్లో ఉందమ్మా అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట భర్తకు మూడు రకాలుగా చెప్పింది.

ఆమె భర్త దేవప్రకాశం మోటారు వైండింగు పని చేస్తాడు. పెద్ద పెద్ద చేతులు, తక్కువ మాటలు. సలోమి వాయిస్తుంటే టీవీ శబ్దం తగ్గించి, బొమ్మను మాత్రం చూస్తున్నట్టు కూర్చునేవాడు.

రెండో ఏడాది వానాకాలంలో ఆమె కుడిచెయ్యి మారింది. ఆ సంగతి ముందు తెలిసింది నాకే. కీర్తన మొదలుపెట్టినప్పుడు చెయ్యి ఆరు తీగల మీదుగా నిండుగా వచ్చేది. చరణం నడిచేకొద్దీ ఊపు కుదించుకుపోయేది. అయిదు తీగలు, నాలుగు, చివరికి మధ్యలో ఉన్న రెండింటినే తడిమేది. ఆమె గట్టిగా ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెడితే మళ్లీ నిండుగా వచ్చి, మళ్లీ చిన్నదైపోయేది.

విక్టర్ మాస్టారు విసుక్కున్నాడు. ఇంటి దగ్గర సాధన చెయ్యడం లేదని, అందుకే చెయ్యి బిగుసుకుపోతోందని అన్నాడు. సలోమికి తల కొట్టేసినట్టయింది. లేటు వయసులో మొదలుపెట్టాను, నాలోనే పట్టుదల లేదు అనుకుని సాధన రెట్టింపు చేసింది. ఎంత వాయిస్తే అంత అలిసేది, ఎంత అలిస్తే అంత తనను తానే తిట్టుకునేది. నాకు నోరుంటే ఆ తిట్లన్నీ అబద్ధమని చెప్పేదాన్ని. నా గొంతు కూడా ఆమె చేతిలోనే ఉంది.

తర్వాత వణుకు వచ్చింది. వాయించేటప్పుడు కాదు. పాట ఆపి, ఫోనులో పాఠం వింటూ చేతిని నా మీద ఊరికే ఆనించినప్పుడు, బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే ఏదో గింజను నలుపుతున్నట్టు కదిలేవి. ఆ కదలిక నా పలకలోకి దిగి లోపల సన్నగా గిలగిలలాడేది.

ఒక శనివారం విక్టర్ మాస్టారు ఆమె చేతినే చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు కసురుకోలేదు.

"ఇన్నాళ్లూ ఊరికే తిట్టానమ్మా," అన్నాడు. "ఇది సాధన తక్కువై కాదు. ఒకసారి డాక్టరుకి చూపించుకోండి."

నర్సుకు డాక్టరు సంగతి ఆయన చెప్పనక్కర్లేదని ఆమె పొడిగా అని, నన్ను కవరులో పెట్టి జిప్పు లాగింది. మళ్లీ శనివారం ఆ మెట్లెక్కలేదు. ఇంకొకరి చేతికి అలా జరిగి ఉంటే సలోమి చూసిన మరుక్షణమే పోల్చుకునేది. తన చెయ్యి కాబట్టి, అలసట అంది, మెడనొప్పి అంది, నిద్ర చాలడం లేదంది.

ఆ చేత్తోనే ఆమె వార్డులో సూదులు గుచ్చుతోంది. డయాలసిస్‌కి వచ్చేవాళ్లకు చేతిలో ఒక నరాన్ని ఆపరేషన్ చేసి లావు చేస్తారు. దాన్ని ఫిస్టులా అంటారు. వారానికి రెండు మూడుసార్లు అందులోకే సూదులు దిగాలి. అది పాడైతే మనిషికి దారి మూసుకుపోయినట్టే. నూకరాజు అని ఒక పేషెంటు ఉండేవాడు. జగన్నాథపురం రేవులో చేపల వేలం పాడినవాడు, పెద్ద గొంతు. సలోమి తప్ప ఇంకెవరూ తన చెయ్యి ముట్టుకోకూడదని పట్టుబట్టేవాడు. ఆయన కబుర్లు ఆమె ఇంటికొచ్చి చెప్పి నవ్వుతుండేది.

ఒక రోజు నవ్వకుండా వచ్చింది. ఆయనకు గుచ్చిన సూది నరం గోడను చీల్చుకుని అవతలికి పోయింది. చెయ్యంతా ఉబ్బి నల్లబడింది. కొద్దిరోజులకు మళ్లీ అలాగే జరిగింది. ఎవ్వరూ సలోమిని అనలేదు. సలోమి చెయ్యి తప్పదు, నా నరమే సచ్చిపోయిందని నూకరాజే అందరికీ చెప్పాడు. డాక్టర్లూ అదే అనుకున్నారు. రెండో చేతికి కొత్త ఫిస్టులా వెయ్యాలని, అది తయారయ్యేదాకా మెడలోంచి గొట్టం పెట్టాలని నిర్ణయించారు. ఆపరేషన్ తారీఖు పడింది.

ఆ సాయంత్రం ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుంది గానీ వాయించలేదు. కుడిచేతిని నా మీద ఆనించి, దాన్నే చూస్తూ కూర్చుంది. వేళ్లు గింజ నలుపుతూనే ఉన్నాయి. ప్రకాశం కొట్టు కట్టేసి వచ్చేసరికి దీపం కూడా వెయ్యలేదు. అప్పుడు చెప్పింది, ఉన్నదున్నట్టు.

మర్నాడు ఇద్దరూ రాజమండ్రి వెళ్లారు. కాకినాడలో అయితే డాక్టర్లందరూ ఆమెకు తెలిసినవాళ్లే. తిరిగొచ్చాక వాళ్లు మాట్లాడుకున్నదాన్ని బట్టి నాకు తెలిసింది ఇదీ. అక్కడి డాక్టరు బొటనవేలితో చూపుడువేలిని టకటకా కొట్టమన్నాడు. కొట్టింది. వేళ్ల మధ్య ఎడం క్రమంగా తగ్గిపోయి, కాసేపటికి రెండూ అతుక్కుపోయినట్టు ఆగిపోయాయి. పార్కిన్సన్స్ అన్నాడు. ముందు ఒక పక్కే ఉంటుందని, రెండో పక్కకు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని, మందులతో చాలా ఏళ్లు నెట్టుకురావచ్చని చెప్పాడు.

ప్రకాశం మందుల సంచీ బల్ల మీద పెట్టి, చొక్కా కూడా మార్చుకోకుండా కూర్చున్నాడు. ఆసుపత్రిలో ఎవరికీ చెప్పొద్దన్నాడు. మందులు పనిచేస్తే చెయ్యి కుదుటపడుతుందని, కొన్నాళ్లు సెలవు పెట్టమని, బయటికి పొక్కితే పదిమందీ జాలిగా చూస్తారని అన్నాడు. ఆ మాటల్లో మోసం లేదు, భయముంది. వైండింగు చేసే చేతులు మోకాళ్ల మీద ఊరికే పడున్నాయి.

"ఆయనకు మెడలో గొట్టం పెడతారండి," అంది సలోమి. "బాగున్న చేతిని వదిలేసి రెండోది కోస్తారు."

"మన సంగతేంటే మరి?"

"మన సంగతి తర్వాత. ఆపరేషన్ ముందు కదా."

తెల్లారాక వెళ్లి వార్డు ఇంచార్జికీ, డాక్టరుకీ చెప్పేసింది. ఆపరేషన్ ఆపారు. ఉబ్బిన చేతికి విశ్రాంతినిచ్చి, స్కాన్ తీసి, నరం బాగానే ఉందని తేల్చారు. కొన్నాళ్ల తర్వాత ఇంకో నర్సు గుచ్చితే సూది సరిగ్గా దిగింది. సలోమిని సూదుల దగ్గరి నుంచి తీసి మందుల స్టోరులో కూర్చోబెట్టారు. అందరూ మంచిగానే మాట్లాడారట. ఆ మంచితనమే భరించలేకపోతున్నానని ప్రకాశంతో అంది.

ఒక మధ్యాహ్నం నూకరాజు ఇంటికొచ్చాడు. సలోమి మంచినీళ్లు తెస్తే, తాగే నీళ్లకు తనకు లెక్కుందని చేత్తోనే వద్దన్నాడు. ఫిస్టులా ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అంత పెద్ద గొంతు ఆ రోజు బాగా కిందికి దిగింది.

"నాకు సెప్పొచ్చు గదా సలోమమ్మా. నా నరం సచ్చింది, ఇంక నా పనీ అంతేననుకున్నాను. ఇంట్లో నా ఆడది ఏడుత్తానే ఉంది."

తప్పు తనదేనని సలోమి అంది.

"తప్పని నేనన్లేదమ్మా. ముందు సెప్పాల్సింది అంటన్నా."

ఆమె తల వంచుకుంది. క్షమించానని ఆయన అనలేదు. ఆమె అడగలేదు. ఆయన లేచి గుమ్మం దాకా వెళ్లి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, అటు తిరిగే అన్నాడు: "ఇప్పుడు గుచ్చే పిల్లకి బయ్యం ఎక్కువ. నువ్వొచ్చి పక్కన నిలబడు. గుచ్చొద్దు. నిలబడు సాలు."

ఆమె మర్నాటి నుంచి ఆయన వచ్చే రోజుల్లో స్టోరు లోంచి లేచి వెళ్లి, ఆ మంచం పక్కన నిలబడటం మొదలుపెట్టింది.

నన్ను మాత్రం కవరు లోంచి తియ్యలేదు. మందు వేసుకున్నాక కొద్దిసేపు చెయ్యి మాట వినేది. ఆ కొద్దిసేపట్లోనే కూర తరగాలి, జడ వేసుకోవాలి, కూతురు పంపిన కాలేజీ కాగితాల మీద సంతకం పెట్టాలి. గిటారుకు ఆ లెక్కలో చోటు లేదు. బీరువా పక్క చీకట్లో నా తీగలు తుప్పు పట్టాయి. చర్చిలో నన్ను ఎవరికైనా ఇచ్చేద్దామని ఆమె రెండుసార్లు అంది. ప్రకాశం ఏదో గొణిగి అవతలికి పోయాడు.

ఒక శనివారం సాయంత్రం నన్ను భుజాన వేసుకున్నది ప్రకాశం. స్కూటరు మీద తీసుకెళ్లి విక్టర్ మాస్టారి ముందు కూర్చున్నాడు. ఎడమచేతి పని తనకు వద్దని, కుడిచేత్తో తాళం వెయ్యడం ఒక్కటే నేర్పమని అడిగాడు. మాస్టారు కొత్త తీగలు కడుతూ, అది సగం విద్యేనని హెచ్చరించాడు. సగమే కావాలన్నాడు ప్రకాశం.

ఆయన చెయ్యి నా మీద పడినప్పుడు మొదట్లో చెక్క పగులుతుందేమోనని భయపడ్డాను. మోటారును బిగించినట్టు బిగించి కొట్టేవాడు. తాళం తెలిసేది కాదు, తెలిసినా నిలిచేది కాదు. అయినా శనివారాలు మానలేదు. వేసవి వచ్చేసరికి ఒక కీర్తన పొడుగునా, పెద్దగా తప్పకుండా, చెయ్యి ఆడించగలిగాడు.

అప్పుడు సలోమికి చెప్పాడు. ఆమె నమ్మలేదు. కిటికీ దగ్గరే, రెండు కుర్చీలు దగ్గరగా జరుపుకుని, నన్ను ఇద్దరి ఒళ్లల్లోనూ అడ్డంగా పెట్టుకున్నారు. మెడ మీద ఆమె ఎడమచెయ్యి, తీగల మీద ఆయన కుడిచెయ్యి. మొదటి చరణంలోనే ఆయన పరిగెత్తాడు. నెమ్మది, నా వేళ్లు రానివ్వండి అని ఆమె గదమాయించింది. ఆయన తగ్గాడు. మళ్లీ పరిగెత్తాడు. మళ్లీ గదమాయించింది. చాలా నెలల తర్వాత ఆ ఇంట్లో ఇద్దరూ గొంతు పెంచి మాట్లాడుకోవడం విన్నాను.

ఇప్పుడు దాదాపు రోజూ వాయిస్తున్నారు. నిన్న కూడా కూర్చున్నారు. పల్లవి నుంచి చరణానికి మారేచోట ఆమె ఎడమచేతి ఉంగరపువేలు తీగ మీదికి రవ్వంత ఆలస్యంగా వచ్చింది. ఆ ఒక్క తీగ మూగబోయింది. ప్రకాశానికి వినపడలేదు, ఆయన తన తాళం తప్పకుండా చూసుకునే కంగారులో ఉన్నాడు. సలోమి ఆపలేదు, ఆయన వైపు చూడలేదు. పాట సాగింది. రెండోసారి అదే చోటు వస్తుండగా, ఎప్పటికంటే ముందే ఆమె ఆ వేలిని ఎత్తి, తీగ మీద గాలిలో సిద్ధంగా పెట్టుకుంది.

ఈసారి అది వేళకు దిగింది.