బస్సు పేరంటం

ఎన్నికలొచ్చాయంటే సూర్యావతి రెండు రాష్ట్రాల రాజకీయం ఒంటిచేత్తో నడిపేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక తెలుగు ఛానెల్లో పుట్టిన విజయనగరం సంగతులు, సాయంత్రం హిందీ ఛానెల్లో ఉంటున్న దుర్గ్ జిల్లా సంగతులు. చర్చలో నలుగురు కూర్చుని ఒకేసారి అరుస్తుంటే, భిలాయి సెక్టర్ 7లోని ఆ క్వార్టర్ నుంచి ఐదో గొంతు కలిసేది. ఆమె భర్త త్రినాథరావు అక్కడి ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు చేసి రిటైరైన మనిషి. పాపం, ఆమెకీ టీవీకీ మధ్య నుంచి వెళ్లాల్సి వస్తే తల వంచుకుని గబగబా వెళ్లిపోయేవాడు.

"ఇస్త్రీ చొక్కా ఏసుకున్న ప్రతీవోడూ నీతులు చెప్తన్నాడు. ఒక్కడైనా బస్సు మాటెత్తడేటి?" అని టీవీని నిలదీసేది.

బస్సంటే ఉతై బస్సు. సెక్టర్ 7 మీదుగా పక్కనున్న ఉతై ఊరికి వెళ్లే బస్సు ఒకటుండేది. ఎప్పుడో ఆగిపోయింది. ఎందుకు ఆగిందని అడిగితే ఒకరు ఇంకొకరి వైపు చూపించేవారు. సూర్యావతి కూతురు రోహిణి ఉతైలో ఒక బళ్లో సైన్సు టీచరు. రోజూ ఆటోల మీద ఆటోలు మారి, దుమ్ము కొట్టుకుపోయి ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడేది. అది చూస్తే తల్లికి కడుపు తరుక్కుపోయేది.

రోహిణి ఊరుకునే రకం కాదు. స్నేహితురాలు అపర్ణతో కలిసి బస్సు కమిటీ పెట్టింది. కిందటిసారి బస్టాపు దగ్గర ధర్నా అంటే వాట్సాప్‌లో అందరూ చప్పట్లు కొట్టారు గానీ, తీరా చూస్తే జెండా పట్టుకోవడానికి కూడా మనిషి లేడు. ఈసారి అనుమతి తీసుకున్నారు, షామియానా మాట్లాడుకున్నారు. పైగా లోకల్ హిందీ ఛానెల్ విలేకరి జితేంద్ర, జనం వస్తే లైవులో చూపిస్తానన్నాడు.

లైవు అనే మాట చెవిన పడ్డప్పటి నుంచి సూర్యావతికి కాలు ఒకచోట నిలవలేదు. టీవీ చెప్పిందంతా ఇన్నేళ్లూ ఆమె విన్నది. ఒక్కసారి, ఒక్క మాట, తను చెబితే టీవీ వినాలి. అంతకుమించి ఆమె ఏమీ కోరలేదు.

"నాను మాటాడతానే అమ్మా," అంది కూతురితో.

"వద్దమ్మా. అపర్ణ మాట్లాడుతుంది, దాని హిందీ ఫస్ట్‌క్లాస్. నువ్వు మనుషుల్ని తీసుకురా, చాలు."

సూర్యావతి మొహం మాడ్చుకుంది. మాడ్చుకున్నా, అప్పజెప్పిన పని ఆమె తక్కువగా చేసే మనిషి కాదు.

ధర్నాకు రమ్మంటే సెక్టర్ ఆడవాళ్లు ఏమంటారో ఆమెకు తెలుసు. మా ఆయన్నడిగి చెప్తానంటారు. అదే బొట్టు పెట్టి పిలిస్తే ఆ మాట అనడానికి వీల్లేదు. నుదుట కుంకం పెట్టించుకున్నాక రాకపోతే, పిలిచిన మనిషి మొహం మీద తలుపు వేసినట్టే. అందుకని మర్నాడు పొద్దున్నే కుంకం భరిణె పట్టుకుని బయల్దేరింది.

"రేపు సాయంత్రం బస్టాపు దగ్గిర పేరంటం వదినా. తప్పకుండా రావాలి."

"బస్టాపులో పేరంటమేటి వదినా?" అంది పక్క వీధి లక్ష్మి.

"బస్సు కోసం. వొచ్చి కూకో, నీకే తెలుస్తాది."

రైల్వే వాళ్లుండే భిలాయి-3 నుంచి ఇక్కడి చర్చికి వచ్చే అమ్మాయి రజనీకుమారి బొట్టు పెట్టుకోదు. ఆమెకు చేతిలో మల్లెపూలు పెట్టి పిలిచింది. చర్చిలో పాడేవాళ్లందర్నీ తీసుకొస్తానందామె.

బాగానే ఉంది. కానీ బొట్టు పెట్టి పిలిచినవాళ్లను వట్టి చేతులతో పంపడం ఆమె వంశంలో లేదు. ట్రంకుపెట్టె తెరిచి రవికల గుడ్డలు తీసింది. ఆ సెక్టర్లో రవికల గుడ్డ కుట్టించుకోవడానికి కాదు, తిరగడానికి పుట్టింది. ఈ వ్రతంలో వచ్చింది ఆ బారసాలకు వెళ్తుంది, అక్కడిది ఇంకో గృహప్రవేశానికి వెళ్తుంది. ఏ గుడ్డ ఏ ఇంట్లో ఎన్నాళ్లుందో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు, అంతే.

మర్నాడు సాయంత్రం రోహిణి బడి నుంచి నేరుగా బస్టాపుకు వచ్చి నోరు తెరిచింది. షామియానా కింద ఇసకేస్తే రాలనంత జనం. పట్టుచీరలు, జడల్లో పూలు, పక్కన పిల్లలు. ఎవరి మెడలో చూసినా లాకర్లోంచి తీసిన గొలుసే. వెనక వరసలో చర్చి వాళ్లు గొంతు సవరించుకుంటున్నారు.

"అమ్మా, ఇది ధర్నానా, పెళ్లా?"

"జనం కావాలన్నావు. ఇదిగో జనం."

రోహిణికి నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వేసింది. జితేంద్ర కెమెరా పెట్టుకున్నాడు. అపర్ణ మైకు పట్టుకుని అప్పుడే ఉపన్యాసం అందుకుంది. ఇంటికి వెళ్లి పొయ్యి వెలిగించాల్సిన వాళ్లున్నారని సూర్యావతి వెనక నుంచి తాంబూలాలు మొదలుపెట్టింది. అరటిపండు, శనగలు, రవికల గుడ్డ.

సగం మందికి అందేసరికి జీపు వచ్చి ఆగింది. ఎన్నికల్లో పంపకాలు పట్టుకునే ఫ్లయింగ్ స్క్వాడ్. వోటర్లకు బట్టలు పంచుతున్నారని ఎవరో మహానుభావుడు ఫోటో తీసి ఫిర్యాదు పెట్టాడు. నిర్మలా సాహూ అనే అధికారిణి, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక వీడియో తీసే అతను దిగారు. అపర్ణ మైకు దించేసింది. జితేంద్ర క్షణం ఆలస్యం చెయ్యకుండా కెమెరాను తాంబూలం పళ్లెం మీదికి తిప్పాడు.

రోహిణి మొహం పాలిపోయింది. కేసు పెడితే కమిటీ పోతుంది, బస్సు పోతుంది, బళ్లో ఉద్యోగం ఉంటుందో లేదో. సూర్యావతి అది చూసి హడలిపోయింది. పిల్లకు సాయం చెయ్యబోయి దాని కొంప ముంచానా అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇవి కొన్న బిల్లు చూపించండి," అంది సాహూ మేడమ్ హిందీలో.

"కొన్లేదమ్మా."

"అయితే ఎవరో ఇచ్చారన్నమాట."

సూర్యావతికి టీవీలో అబద్ధాలు చూసి చూసి తను ఆడడం చేతకాకుండా పోయింది. "ఇచ్చారమ్మా," అంది. రోహిణి తల పట్టుకుంది.

"ఎవరు?"

"ఈ పచ్చది అదిగో, ఆ లక్ష్మి ఇచ్చింది."

లక్ష్మి లేచి నిలబడింది. "అవును మేడమ్, మా పాప బారసాలకి నేనే పెట్టాను."

"నువ్వు పెట్టావు సరే. అది నేను నీకు పెట్టిందే కదేటి?" అని ఇంకో ఆవిడ లేచింది. "మూల సిరా మరకుంటాది చూడండి మేడమ్."

మేడమ్ గుడ్డ విప్పింది. మరక ఉంది. అంతే, షామియానా అంతా లేచింది. నీలంది మా వ్రతానిదని ఒకరు, కాదు మా గృహప్రవేశానిదని ఒకరు. ఎర్రది మూడిళ్లు తిరిగి మళ్లీ తన ఒళ్లోకే వచ్చిందని ఒకావిడ అప్పుడే కనిపెట్టి, సూర్యావతి వైపు ఒక చూపు చూసింది. రాసుకుంటున్న కానిస్టేబులు ఎవరు ఎవరికిచ్చారో బాణం గుర్తులు గీసి గీసి కలం మూసేశాడు. సాహూ మేడమ్ పెదవి కొరుక్కుని చూసింది గానీ నవ్వు ఆగలేదు.

జితేంద్రకు నవ్వు చాలదు, వార్త కావాలి. మైకు తీసుకెళ్లి సూర్యావతి మూతి దగ్గర పెట్టాడు. "మాతాజీ, లైవులో ఉన్నాం. సాఫ్‌సాఫ్ చెప్పండి. ఇవన్నీ మీకు ఏ పార్టీ ఇచ్చింది?"

రోజూ నలుగురి నోళ్లు మూయించే మనిషి మైకును చూసి మొహం తిప్పుకుంది. పక్కనే రోహిణి, ఒళ్లంతా ఉతై దుమ్ముతో నిలబడి ఉంది. దాన్ని చూశాక మైకు తన చేతిలోకి తీసుకుంది. మాట వచ్చింది, హిందీ కొంత, తెలుగు కొంత.

"ఏ పార్టీ ఏటీ ఇవ్వలేదు బాబూ. అదే కదా మా గొడవ. బస్సు ఇమ్మని అడిగి అడిగి నోరు నొప్పెట్టింది. రవికల గుడ్డయితే మాలో మేమే ఇచ్చుకోగలం. బస్సు ఇచ్చుకోలేం కదా."

షామియానా కింద మొదలైన చప్పట్లు ఎంతకీ ఆగలేదు. చర్చి వాళ్లు పాట ఎత్తుకున్నారు. రోహిణి తల్లిని గట్టిగా వాటేసుకుంది. దుమ్మంతా పట్టుచీరకు అంటింది. "రిపోర్టులో పంపిణీకి కారణం ఏం రాయమంటారు?" అని కానిస్టేబులు అడిగితే, సాహూ మేడమ్ ఉతై బస్సు అని రాయమంది.

జితేంద్ర మైకు కోసం చెయ్యి చాపాడు. సూర్యావతి ఆ చేతిలో ఒక అరటిపండు పెట్టి, మైకు తన దగ్గరే ఉంచుకుని, "ఇంకా ఉంది బాబూ," అంది.