కాలికి అతికిన బూట్లు

అందరూ మెచ్చుకుంటున్నకొద్దీ డమ్దిన్‌కి చెమటలు పడుతున్నాయి.

"ఏం కుట్టావు బాబాయ్! కాలికి పోత పోసినట్టున్నాయి," అంటూ జమ్యాన్ వంగి, డమ్దిన్ అల్లుడి బూటు తడిమి చూశాడు. "చలికాలం లోపల నాకూ ఓ జత కావాలి. అచ్చం ఇలాంటివే."

జమ్యాన్ అంటే ఆ లోయలో అందరికంటే పెద్ద మంద ఉన్నవాడు. కుర్ర గుర్రాలకు తొలిసారి జీను వేసే పని ఇవాళ అతని గుడారాల దగ్గరే. అంతటివాడు నలుగురిలో అలా అంటే, నలభై ఏళ్లుగా తోలు కుడుతున్న మనిషి ఛాతీ విరుచుకోవాలి కదా! డమ్దిన్ మాత్రం ముక్కుపొడి సీసా వెతుక్కునే నెపంతో తల దించుకున్నాడు.

గుర్రమెక్కేవాడి బూటు కాలికి అతకకూడదు. చెక్కలా బిరుసుగా, కుడీ ఎడమా తేడా లేకుండా, లోపల మందపాటి ఉన్ని మేజోడు వేసినా ఇంకాస్త ఆడేలా ఉండాలి. గుర్రం కింద పడేసినప్పుడు బూటు జీనుకి వేలాడే రికాబులో ఇరుక్కున్నా, కాలు జారి బయటికొచ్చేస్తుంది, మనిషి బతుకుతాడు. ఈ సంగతి అక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కాకపోతే అల్లుడు బిల్గూన్ బూట్లలో, కాలు బిగిసేలా చీలమండ దగ్గర లోపలివైపు వేసిన రెండో తోలు పొర పైకి కనపడదు; చూసేవాళ్లు లోపల వదులుగానే ఉంటుందనుకుంటారు. అది కుట్టినవాడికి ఒక్కడికే తెలుసు.

మరి తెలిసి తెలిసి ఎందుకు కుట్టాడయ్యా అంటే, ఉక్రోషం. ఇంకేముంది!

బిల్గూన్ పట్నంలో లారీలు బాగుచేసేవాడు. డమ్దిన్ కూతురు ఖాండని పెళ్లి చేసుకుని ఇక్కడికొచ్చి స్థిరపడ్డాడు. మంచివాడే, కానీ నోరు ఊరుకోదు. మామగారు ముచ్చటపడి కుట్టిచ్చిన మొదటి జత తొడుక్కుని, ఇంటినిండా చుట్టాలుండగా, "ఇవి బూట్లా, బకెట్లా మామయ్యా? నడుస్తుంటే నా కాలు లోపల షికారు తిరుగుతోంది," అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ముసలాయనకు ఒళ్లు మండిపోయింది. "అతకాలా? సరే, అతికేలాగే కుడతా," అని ఆ బూట్లు లాక్కుని కొత్తవి కుట్టాడు. వీడెక్కేది నీళ్లకు పోయే ముసలి గుర్రమేగా, ఏం కాదులే అనుకున్నాడు.

ఇవాళేమో మగాళ్లంతా బిల్గూన్ చుట్టూ చేరారు.

"సిటీ అల్లుడూ, ఇది లారీ కాదు. బ్రేకులుండవు!"

"ఎక్కనివ్వండిరా పాపం, బూట్లయినా అందరూ చూస్తారు!"

"తీసుకురండి ఆ నీలిబూడిదదాన్ని," అన్నాడు బిల్గూన్, మొహం ఎర్రబడి.

ఆ నీలిబూడిద రంగు గుర్రం పొద్దుట్నుంచీ ఇద్దర్ని పడేసింది. ఆ ఇద్దరూ దుమ్ము దులుపుకుని లేచారంటే, వాళ్ల బూట్లు వదులుగా ఉండబట్టే. పులిసిన గుర్రపు పాలు పోస్తున్న ఖాండ గిన్నె పక్కన పెట్టి కంచె దగ్గరకొచ్చింది. ఆమెకి ఆరో నెల.

డమ్దిన్ గబగబా వెళ్లి అల్లుడి చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్, ఆగు. ఆ బూట్లు తీసేసి నావి వేసుకో."

"ఎందుకు మామయ్యా?"

జమ్యాన్ పక్కనే ఉన్నాడు, చెవులు రిక్కించి మరీ వింటున్నాడు. చెప్పెయ్, చెప్పెయ్ అంటోంది లోపల మనసు. నలభై ఏళ్లుగా సంపాదించుకున్న పేరు వద్దంది.

"అంటే... కొత్తవి కదా. పాడైపోతాయి."

అందరూ గొల్లుమన్నారు. "అల్లుడు పోయినా ఫర్వాలేదు, బూట్లు జాగ్రత్త అంటున్నాడు!" అన్నారెవరో. బిల్గూన్ కూడా నవ్వి, "పాడైతే మీరున్నారుగా మామయ్యా," అని జీను మీదికి ఎగిరాడు. గుర్రం చెవులు పట్టుకున్నవాళ్లు దాన్ని వదిలేశారు.

మొదటి నాలుగు గెంతులకు నిలబడ్డాడు. ఫర్వాలేదే అనుకున్నారు జనం. ఐదోసారి గుర్రం తల కిందికి దూర్చి వెనక్కాళ్లు విసిరింది. బిల్గూన్ ఎడమవైపు పడ్డాడు. బూటు రికాబులోనే ఉంది. బూటులో కాలూ ఉంది.

"ఊడుతుందిలే," అన్నాడు జమ్యాన్.

ఊడలేదు. గుర్రం బెదిరి రాళ్ల గట్టు వైపు లగెత్తింది. దాని పక్కనే బిల్గూన్ తల నేల మీద ఎగిరెగిరి పడుతోంది. ఖాండ కేక విని కూడా డమ్దిన్ వెనక్కి చూడలేదు. ఆరేళ్లుగా మోకాళ్ల నొప్పులతో గుర్రమెక్కని మనిషి, దొరికిన గుర్రం మీదికి ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. "దేవుడా, వాణ్ణి కాదు, నన్ను తీసుకుపో," అని గట్టిగా అరుస్తూనే తోలాడు. జమ్యాన్ ఉచ్చుకర్రతో ఆయన్ని దాటిపోయి, గట్టుకి ఇరవై అడుగుల ఇవతల నీలిబూడిదదాని మెడకి ఉచ్చు వేశాడు. డమ్దిన్ దూకి, నడుం కత్తితో బూటుని పై నుంచి చీలమండ దాకా చీరేశాడు. తోలు రెండు పొరలుండటంతో కత్తి రెండుసార్లు వెయ్యాల్సొచ్చింది.

బిల్గూన్ కళ్లు తెరిచాడు. నుదుటి మీది తోలు లేచిపోయింది, పాదం అడ్డంగా తిరిగిపోయి ఉంది. బతికే ఉన్నాడు.

జమ్యాన్ చీరిన బూటు తీసి లోపల వేలు పెట్టి చూశాడు. అతని మొహం మారిపోయింది. "లోపల రెండో పొర వేశారు. ఎవడ్రా ఈ పొర కుట్టింది?"

బిల్గూన్ మామ వైపు చూశాడు. ముసలాయన ఆ బూటు వైపు చూడకుండా కత్తిని పదే పదే తుడుస్తున్నాడు.

"నేనే వేశాను," అన్నాడు బిల్గూన్, రొప్పుతూ. "వదులుగా ఉన్నాయని. మామయ్యకి తెలీదు."

"బుద్ధుందా నీకు? సిటీ బుర్ర!" అంటూ తిట్లు లంకించుకున్నారు అందరూ. పరుగెత్తుకొచ్చిన ఖాండ కూడా ఏడుస్తూ మొగుణ్ణి తిట్టింది. బిల్గూన్ కళ్లు మూసుకుని ఆ తిట్లన్నీ పడ్డాడు.

డమ్దిన్ నోరు మూసుకుంటే అక్కడితో అయిపోయేది.

"వాడు కాదు. నేను వేశాను," అన్నాడు. "నన్ను చూసి నవ్వాడని వేశాను. ఎక్కేముందు చెప్పాలని వచ్చాను, పేరు పోతుందని చెప్పలేదు."

జమ్యాన్ చేతిలోని బూటు నెమ్మదిగా కింద పెట్టాడు. ఖాండ తండ్రిని చూడకుండా మొగుడి కాళ్ల దగ్గర కూర్చుని, రెండో బూటు మడమ పట్టుకుని లాగింది. రాలేదు. మోకాలు నేలకి ఆనించి, పళ్లు బిగించి మళ్లీ లాగింది. అదీ రాలేదు.

అప్పుడు తలెత్తింది.

"నువ్వే కొయ్యి నాన్నా," అంది.