బూందీ గడప దాటిన రోజు

లింగమ్మకు పిల్లులు కొత్తేం కాదు. షాద్‌నగర్ దగ్గర ఊళ్లో ఆమె ఇంటి చుట్టూ ఎప్పుడూ నాలుగైదు తిరుగుతుండేవి. అవి ఎప్పుడొచ్చేవో ఎప్పుడు పోయేవో ఎవరికీ పట్టేది కాదు. పాలగిన్నె మీద మూతుందా లేదా, అంతే చూసుకునేది. అందుకే శంషాబాద్‌లో మనవరాలు మనీషాకు తోడుగా ఉండటానికి వచ్చిన కొత్తలో ఆ పిల్ల చెప్పిన షరతు విని పడీ పడీ నవ్వింది.

"నాయనమ్మా, తలుపు తీసే ముందు బూందీ యాడుందో కండ్లతోని చూడాలె. చూసినంకనే గొళ్లెం ముట్టుకోవాలె."

"కుక్క మనకు కావలుంటది గని, పిల్లికి మనం కావలుండుడేందే?"

మనీషా విమానాశ్రయంలో ప్రయాణికుల సామాను తూచి బోర్డింగ్ పాసులిచ్చే కౌంటర్లో పనిచేస్తుంది. రెండేళ్ల కిందట ఒక వానరోజు అక్కడి పార్కింగ్‌లో, కారు కింద, పిడికెడంత పిల్లికూన వణుకుతూ కనిపిస్తే చున్నీలో చుట్టి తెచ్చుకుంది. దాని నారింజ రంగూ, ఉండలా ముడుచుకున్న తీరూ చూసి బూందీ అని పేరు పెట్టింది. ఆనాటి నుంచి బూందీని ఇల్లు దాటనివ్వలేదు. సందు చివర హైవే. సందు మధ్యలో ఐదు కుక్కలు. దాటితే ఏమవుతుందో ఆలోచించడానికే మనీషాకు చెమటలు పట్టేవి.

నెల తిరిగేసరికి లింగమ్మ మనవరాలిని మించిపోయింది. కూరగాయల బండి వస్తే మొదటి అంతస్తు కిటికీలోంచి తాడు కట్టిన సంచి దించేది. పాల ప్యాకెట్టు కిటికీ ఊచల సందులోంచే లోపలికి వచ్చేది. కింద ఉండే ఇంటి ఓనరు రేణుకమ్మ కరెంటు బిల్లు తెచ్చినా అదే దారి. ఆఖరికి డ్యూటీ దిగి వచ్చిన మనీషాను కూడా, "జర ఆగు బిడ్డా, ఇంక కనవడలే" అని ఐదు నిమిషాలు గుమ్మం ముందు నిలబెట్టేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం లింగమ్మ చెల్లెలు దుర్గవ్వ షాద్‌నగర్ నుంచి బస్సెక్కి వచ్చింది. చేతిలో రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా, అందులో పొద్దున దింపిన ఈతకల్లు. మర్యాదస్తురాలు కాబట్టి చెప్పులు మెట్ల కిందనే విడిచి, పైకొచ్చి తలుపు కొట్టింది.

"అక్కా, నేనే."

లింగమ్మ సంబరంగా లేచి, గొళ్లెం దాకా వచ్చి ఆగిపోయింది. బూందీ ఎప్పుడూ పడుకునే ఫ్రిజ్జు మీద లేదు. తలుపు పక్కనే ఉన్న కిటికీ తెరిచి ఊచల్లోంచి ముఖం చూపించింది.

"మంచిగున్నవా దుర్గీ? ఒక్క నిమిషమాగు. పిల్లి కనవడ్తలేదు."

"పిల్లి కనవడకుంటే? నేను కనవడుతున్న గద!"

"చూసినంకనే తలుపు తియ్యాలె."

దుర్గవ్వ ఇదేదో పరాచకమనుకుంది. లింగమ్మ మంచం కింద చూసింది. కూలర్ వెనక, బట్టలుతికే మిషన్‌లో, సజ్జ మీద, బియ్యం డబ్బా పక్కన చూసింది. బయట దుర్గవ్వ కాలుతున్న సిమెంటు మీద ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతూ నిలబడింది.

"అక్కా, కాళ్లు కాల్తున్నయే!"

"చెప్పులేసుకో."

"నేనేమన్న బయటిదాన్నా, చెప్పులేసుకొని నీ వాకిట్ల నిలవడ? గీ కల్లు సుత పొంగుతాంది!"

నిజంగానే సీసా మూత కిందినుంచి నురగ బుసబుసమంటూ ఆమె ముంజేతి మీదికి కారుతోంది. ఈ గొడవకు రేణుకమ్మ కింది నుంచి తల ఎత్తి చూసింది. "ఏమైందమ్మా? అక్క లోపలికి రానిస్తలేదా?" అని నొచ్చుకున్నట్టు అడిగింది గానీ, బాగా వినిపించాలని రెండు మెట్లెక్కింది.

దుర్గవ్వకు తల కొట్టేసినట్టయింది. గొంతు తగ్గించి కిటికీ దగ్గరికి వచ్చింది. "ఒక్క మాట చెప్పక్కా. పిల్లి లోపలుంటే కనవడాలె గద? కనవడలేదంటే బయటికి పోయిందన్నట్టే. బయటుంటే, నువ్వు తలుపు తియ్యకుంటే మల్ల ఎట్లొస్తది?"

లింగమ్మ బిత్తరపోయింది. నెల రోజుల్లో ఆమెకు ఈ ఆలోచన రాలేదు. లోపలుంటే తియ్యకూడదు. బయటుంటే తియ్యాలి. ఎక్కడుందో తెలియదు. చేత్తో నుదురు పట్టుకుని, "ఆగు, ఇంకొకసారి వంటింట్ల చూస్త" అంది.

దుర్గవ్వ సహనం అక్కడితో అయిపోయింది. చిన్నప్పటి నుంచీ అక్కను నమ్మించడం ఆమెకు మంచినీళ్లు తాగినంత పని. "నాగుంబాము" అని అరిచి అక్క చేతిలో జామకాయ కొట్టేసిన మనిషి. ఇప్పుడూ అంతే చేసింది. మెట్లవైపు తిరిగి గట్టిగా అరిచింది.

"ఓ అక్కా! గిదేనా నువ్వు ఫోన్ల చెప్పిన ఎర్రపిల్లి? మెట్లు దిగి పోతాంది చూడు!"

గొళ్లెం ఊడింది. తలుపు బార్లా తెరుచుకుంది. లింగమ్మ కొంగు జారుతున్నా చూసుకోకుండా దుర్గవ్వను తోసుకుని మెట్ల మీదికి ఉరికింది. దుర్గవ్వ చల్లగా లోపలికి వెళ్లి, సీసా కింద పెట్టి, ఫ్యాను కింద బండల మీద పాదాలు ఆనించి, "అబ్బా" అంది.

"యాడుందే?" నాలుగు మెట్లు దిగిన లింగమ్మ అటూ ఇటూ చూస్తోంది.

"యాడ లేదు. నువ్వు తలుపు తియ్యాలని అన్న. ఇగ రా లోపలికి."

ఆ మాట అంటుండగానే తలుపు వెనక చెప్పుల స్టాండు కదిలింది. లింగమ్మ ఇల్లంతా వెతికింది గానీ తాను నిలబడిన చోటికి జానెడు దూరంలో వెతకలేదు. దాని వెనకనుంచి బూందీ వచ్చింది, ఒళ్లు విరుచుకుంది, తోక నిటారుగా ఎత్తింది, పెళ్లికి వెళుతున్నట్టు గడప దాటింది.

"అక్కా! పిల్లి! పిల్లి పోతాంది!"

"పో! ఒక్కపారి మోసపోయిన, సాలు." లింగమ్మ తల కూడా తిప్పలేదు.

"నీ మీద ఒట్టు, నిజంగనే!"

"నా మీద ఎన్ని ఒట్లేసినవో నాకు ఎర్కలేదా?"

ఏదో మెత్తగా పిక్కలకు రాసుకుంది. లింగమ్మ కిందికి చూసేసరికి ఆమె కాళ్ల మధ్య నుంచి నారింజ రంగు తోక కింది మెట్టు దిగుతోంది. వంగి పట్టుకోబోయేంతలో విమానం ఒకటి దిగడానికి ఇళ్ల మీదుగా తక్కువ ఎత్తులో గర్జిస్తూ వచ్చింది. రెండేళ్లుగా ఆ మోతను మూసిన కిటికీ వెనకనుంచి వినడానికే అలవాటుపడ్డ బూందీ చెవులు వెనక్కి అతికించి, ఒక్క దూకులో కనిపించకుండా పోయింది.

అక్కాచెల్లెళ్లిద్దరూ సందులో పడ్డారు. దుర్గవ్వ ఎడమవైపు, లింగమ్మ కుడివైపు.

"బూందీ! బూందీ! ఓ బూందీ!" దుర్గవ్వ గొంతు మొదటే పెద్దది. నాలుగిళ్లు దాటేసరికి ఒకామె స్టీలు గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"కిలో ఎంతకిస్తున్నవమ్మా?"

"అమ్మెది కాదక్కా, తప్పిపోయింది."

"బూందీ తప్పిపోయిందా?"

"ఔ. నాలుగు కాళ్లుంటయ్. కనవడితే చెప్పు."

ఆమె గిన్నెతో సహా లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఇంకో ఇంటి ముసలాయన కారా, తీపిదా అని అడిగాడు. దుర్గవ్వ జవాబు చెప్పే ఓపిక లేక చెయ్యి ఊపి ముందుకు నడిచింది.

అటువైపు లింగమ్మ పళ్లెంలో ఎండుచేపలు వేసుకుని వాసన పట్టిస్తూ తిరుగుతోంది. ఆమె వెనక మూడు వీధి పిల్లులు, వాటి వెనక రెండు కుక్కలు ఊరేగింపులా వస్తున్నాయి. బూందీ మాత్రం లేదు. గంట గడిచాక పళ్లెం అక్కడే కుమ్మరించి, హైవే కనిపించే మూల మీద నిలబడి పోతున్న లారీలను చూసింది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

దుర్గవ్వ వచ్చి పక్కన నిలబడింది. ఇప్పుడు ఆమె ముఖంలో చిలిపితనం లేదు.

"నాదే తప్పక్కా. కాళ్లు కాలి అట్లన్న."

"నిన్ను అని ఏం లాభం? తలుపు నేను తీసిన. ఆ పిల్ల జ్వరమొచ్చినప్పుడు సుత దాన్ని పక్కలనే పండవెట్టుకుంటది. ఇప్పుడు ఏం మొఖం వెట్టుకొని చెప్పాలె?"

"చెప్పకు. మనీషా వచ్చేటాల్లకు దొరుకుతది. దొరకకుంటే పొద్దున ఆ పిల్ల పోయేటప్పుడే పోయిందని..."

"నోరు ముయ్యి." లింగమ్మ బొడ్లోంచి ఫోను తీసి మనవరాలికి చేసింది. ఉన్నదున్నట్టు చెప్పింది. చెల్లెలి అబద్ధం సంగతి మాత్రం మింగేసింది.

అవతల ఏడుపు వినిపిస్తుందనుకుంది. మనీషా నింపాదిగా చెప్పింది. "పరేషాన్ కాకు నాయనమ్మా. అది దూరం పోదు, భయపడి యాడనో దగ్గర్లనే దాక్కుంటది. పిలవకుర్రి, ఎంటవడకుర్రి. ఇంటికి పోయి తలుపు బార్ల తెరిచిపెట్టుర్రి. అది పండుకునే దుప్పటి గడప కాడ వేసి, సప్పుడు చెయ్యకుండ కూసోర్రి."

నెల రోజులుగా మూసే తలుపును తెరిచిపెట్టి కూర్చోవడం లింగమ్మకు ఒంటి మీద కొంగు లేనట్టనిపించింది. అయినా కూర్చుంది. దుర్గవ్వ ఎదురుగా గోడకు ఆనుకుంది. మాట్లాడకుండా ఉండటం ఆమెకు పుట్టాక ఇదే మొదటిసారి. ఐదు నిమిషాలకే ఆవులించింది, వేళ్లు విరిచింది, ఆఖరికి సైగతో అడిగి రెండు గ్లాసుల్లో కల్లు వంచింది. ఇద్దరూ గుటక చప్పుడు కూడా కాకుండా తాగుతూ గడపవైపే చూశారు.

రెండో గ్లాసు సగమయ్యేసరికి మెట్ల మీద రెండు చెవులు కనిపించాయి. తర్వాత ముఖం. మీసాలకు బూజు. బూందీ ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చి, దుప్పటి మీద, సరిగ్గా గడప మధ్యలో కూర్చుని, తీరిగ్గా వెనక కాలు నాకడం మొదలుపెట్టింది. తోక బయట, తల లోపల.

దుర్గవ్వకు కల్లు ఘాటుగా ముక్కులోకి ఎక్కి తుమ్ము వచ్చింది. రెండు చేతులతో ముక్కు నలిపేసుకుంది. కళ్లు ఎర్రబడ్డాయి, భుజాలు ఎగిరిపడ్డాయి, తుమ్ము మాత్రం బయటికి రానివ్వలేదు. బూందీ రెండో కాలు కూడా నాకి, లేచి, లోపలికి నడిచి, ఫ్రిజ్జెక్కింది. లింగమ్మ కూర్చున్న చోటు నుంచే కాలు చాపి తలుపు తన్నింది. దుర్గవ్వ అప్పుడు తుమ్మింది. కిందనుంచి రేణుకమ్మ "ఏమైందమ్మా?" అని అరిచింది.

సాయంత్రం మనీషా వచ్చి పిల్లిని ఒళ్లో వేసుకుని బూజు దులుపుతుంటే లింగమ్మ అడిగింది. "అన్నీ సూసినట్టే ఎట్ల చెప్పినవే? దూరం పోదు, దుప్పటి వెయ్యి, గిట్ల కూసో అని?"

మనీషా పిల్లి చెవులు సవరిస్తూ మెల్లగా అంది. "పోయిన నెల నువ్వు దవాఖానకు పోయిన రోజు... సిలిండర్ వచ్చింది. తలుపు తీసి పట్టుకుంటే నా కాళ్ల సందుల నుంచే ఉరికింది. నేను ఏడ్సుకుంట సందంత తిరిగిన. రెండు గంటలకు అదే వచ్చింది. నువ్వు భయపడుతవని చెప్పలే."

లింగమ్మ విసురుగా లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆ రాత్రి అన్నాల దగ్గర మనవరాలితో ఒక్క మాట మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా చెల్లెలి ద్వారానే.

"దుర్గీ, ఆ పిల్లను పప్పు ఏసుకోమను."

"మనీషా, మీ నాయనమ్మ పప్పు ఏసుకోమంటాంది," అంది దుర్గవ్వ. ఒక ముద్ద మింగి, అక్క వైపు ఓరగా చూసి, "తిన్నంక గిన్నెలన్నీ తోమమంటాంది. రేపు మా ఇద్దరినీ చీరల దుకాణానికి తీస్కపొమ్మంటాంది" అని కలిపింది.

లింగమ్మ ఆ మాట విన్నది. కాదనలేదు. ఇంకొంచెం పెరుగు వడ్డించుకుంది.