మూరెడు గోడ

గ్రీష్మతాపశేషము గలిలయ కొండలలోని ద్రాక్షతోటలను పండుటాకులపాలు చేసి పడమటి సముద్రమునుండి లేచు తొలివానమబ్బులకు దారియిచ్చుచుండిన శరత్ప్రాతఃకాలమున షిఫ్రా యను వృద్ధురాలు తన యింటి పచ్చిమట్టిగోడలను జూచి నిట్టూర్చెను.

ఆ గోడలు నలువదియేండ్లుగా సున్నమెఱుగవు. ఆమె పెనిమిటి ధర్మశాస్త్రోపాధ్యాయుఁడగు బెరెక్యా బాల్యమున యెరూషలేము దేవాలయము రోమకసేనాదగ్ధమై కూలుటను కన్నులయెదుటఁ జూచినవాఁడు. మొదటి యాలయము కూలిన డెబ్బదియేండ్లకు మరల లేచెఁ గావున రెండవదియు నట్లే లేచుననియు ఆ యేటనే అభిషిక్తుఁడగు రాజు వచ్చి చెదరిన జనమును స్వపురమునకుఁ గొనిపోవుననియు నాతఁడు ప్రవక్తల వాక్యములనుండి లెక్కగట్టి వాకిటి కెదురుగోడపై ఈ యింటికి వచ్చిననాఁడే అప్పటికి గడచిన ముప్పదియేండ్లకు ముప్పది బొగ్గుగీఁతలు గీసి, పిదప ఏఁటికొకటి చేర్చుచు "విడిచిపోవు నింటికి సున్నమేల?" యని భార్య నోరు మూయించుచు వచ్చెను. ఏటేట గోడలు నానెను. ఆమె కీళ్లు పట్టుకొనిపోయెను. డెబ్బదవ గీఁతయుఁ బడెను. ఆలయదహనదినోపవాసమును గడచెను. ఎవ్వరును రాలేదు.

ఇంట మనుమరాలు నిండుచూలాలు.

"ఆ రాజు వచ్చు నెల నాకుఁ దెలియదు. శిశువు వచ్చు నెల తెలియును. ఈ చెమ్మలోఁ బసికందును బరుండఁబెట్టఁజాలను" అని షిఫ్రా ఆ యుదయమే తెగేసి చెప్పి యోక్తాను అను తాపీవానిని బిలిపించెను. బెరెక్యా తన గ్రంథపుచుట్టలను గోడలకడనుండి తానే తొలఁగించెను. అది చూచి ఆమెకు సంతోషము గలుగలేదు, జాలి కలిగెను.

మధ్యాహ్నమునకు మూఁడుగోడలు తెల్లనయ్యెను. యోక్తాను నాలవగోడకడ నాఁగెను.

"అయ్యా, కూలిన యాలయమునకు గుర్తుగా వాకిటి కెదురుగా మూరెడుమేర పూయక విడుచుట పెద్దల కట్టడ గదా. అచ్చటనే మీ లెక్క యున్నది. లెక్కతోడనే విడుతునా?"

షిఫ్రా ఆ గోడవంకఁ జూచెను. ఆ గీఁతలు నిలిచెనా, రేపే క్రొత్తలెక్క మొదలగును. ఈ యిల్లు మరల సత్రమగును.

బెరెక్యా లేచి తడిగుడ్డతో గీఁతలన్నిటిని దానే తుడిచివైచెను.

"ఆయన రాఁడని కాదు, షిఫ్రా. ఎప్పుడో చెప్పుట నా పని గాదు. అంత్యకాలమును లెక్కింపవలదని మా గురువు మొత్తుకొనెను. వినక నీ వయసంతయు ఈ గోడపై గీసితిని" అని తాపీవానివంకఁ దిరిగి "నాయనా, ఉత్తమట్టిగా మూరెడు విడువుము. ఏడ్చుట కంత చాలును" అనెను.

సున్నమాఱిన కొన్నినాళ్లకు తొలివాన కురిసెను. తెల్లని గోడల నడుమ ఉయ్యాల పొడిగా నుండెను. పూయని మూరెడుమట్టి మాత్రము మెల్లగాఁ జెమ్మగిల్లెను. షిఫ్రా దానిపై నఱచేయి యుంచెను. ఇన్నేండ్లు లెక్కలకే గాని దుఃఖమునకుఁ దీఱికలేని ఆ యింట ఆమె తొలిసారి యాలయముకొఱకుఁ గన్నీరు విడిచెను. బెరెక్యా వచ్చి ప్రక్కన నిలిచెను.