కత్తుల అంగడి పెళ్ళికొడుకు

పండ్ల బుట్టకు కట్టిన పురికొస ముడి ఎంతకీ ఊడలేదు. సింధూ వాళ్ళమ్మ గౌరి గోళ్ళతో పీకింది, చివరికి పళ్ళతో కొరకబోయింది. పెళ్ళిచూపులకు పులివెందుల నుంచి వచ్చిన విష్ణువర్ధన్ అది చూడలేక లేచాడు. జేబులోంచి అరచేతిలో ఇమిడే మడత కత్తి తీసి బొటనవేలితో తోశాడు. టక్కుమని పదునైన అలుగు బయటికొచ్చి నిలబడింది. ఒక్క కోతకు తాడు తెగింది.

హాల్లో అందరి చూపూ ఆ కత్తి మీదే నిలిచింది.

అతను అలుగును రుమాలుతో తుడిచి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పురికొస చెయ్యి కోస్తాదమ్మా, యాడన్నా గీరుకుందేమో చూసుకోండి," అన్నాడు గౌరితో. అప్పుడు గానీ అందరూ తనవైపే చూస్తున్నారని అతనికి తెలియలేదు. తలవంచుకుని కూర్చున్నాడు.

పెళ్ళికొడుకు వాళ్ళు వెళ్ళీ వెళ్ళగానే సింధూ నాయన కాశీవిశ్వనాథం విరుచుకుపడ్డాడు. ప్రొద్దుటూరులో ఆయన బట్టలంగడికి పేరుంది, ఆయన కోపానికీ పేరుంది.

"ఇనుప సామాన్ల అంగడి అని చెప్పినారు గదా! విచారిస్తే ఉండేదంతా కత్తులేనంట. సినిమావోళ్ళు మన జిల్లాకు పెట్టిన పేరు చాల్దా? పెండ్లిచూపులకు జేబులో కత్తి పెట్టుకోనొచ్చినోనికి పిల్లనిస్తానా నేను?"

సింధూ తెగిన పురికొస ముక్కలు ఏరుతూ విన్నది. డిగ్రీ అయినప్పటి నుంచీ నాయనతోబాటు అంగట్లో కూర్చుంటోంది, ఆయన కోపం ఎప్పుడు చల్లారుతుందో తెలుసు. కానీ ఒక్కమాట ఆమె మనసులోంచి పోలేదు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ముళ్ళన్నీ విప్పిన అమ్మ వేళ్ళకేమైందని అడిగిన మొదటి మనిషి అతనే.

ఆ మాట నాయనమ్మ వెంకటసుబ్బమ్మతో అంది. ముసలామె కాసేపు ఆకువక్క నమిలింది.

"నోటిమాట ఎవరైనా అంటారు మే. అంగడి చూస్తే మనిషి తెలుస్తాడు. పా, పోయి చూసొద్దాం."

చుట్టాల ఇంటికని చెప్పి ఇద్దరూ ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కారు.

పులివెందులలో ఆ అంగడి సన్నటి వీధిలో ఉంది. ఎదురుగా మైమూన్ అనే ఆమె చీనీపండ్ల రసం అమ్ముతోంది. అవ్వా మనవరాలూ ఆమె బెంచీ మీద, కొంగులు నెత్తిమీదికి లాక్కుని కూర్చున్నారు. అంగట్లో ఒకవైపు మడత కత్తులు, ఇంకోవైపు తోటపనికి, వంటింటికి, అడవిలో తిరిగేవాళ్ళకు పనికొచ్చే మడవని కత్తులు. నిజంగానే కత్తులే!

"మంచోడేనా?" అని అంగట్లో ఉన్న విష్ణువర్ధన్ వైపు చూపి, అవ్వ మైమూన్‌ను నేరుగా అడిగేసింది.

"మంచోడే గానీ బేరం తెలీదమ్మా. కోడిని కోసేదానికి కత్తి అడిగినా సవాలక్ష ప్రశ్నలేస్తాడు."

అంతలో మధ్యవయసు మనిషి ఒకడు బైకు పడేసినట్టే ఆపి అంగట్లోకి దూసుకుపోయాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి.

"ఆ నల్లది ఇయ్యప్పా. పెద్దది."

"దేనికి నారాయణ మామా? ఏం కోస్తావు?" అన్నాడు విష్ణువర్ధన్.

"ఏదో ఒకటి కోస్తా. నీకెందుకు? ఇస్తావా, ఇయ్యవా?"

సింధూ బెంచీ మీంచి సగం లేచింది. విష్ణువర్ధన్ మాత్రం కత్తిని తీసి, వెలుగులో పట్టి చూశాడు.

"మంచి కత్తే మామా. అలుగు పిడి చివరిదాకా ఒకటే ముక్క, ఇరగదు. గానీ పదును సరింగా లేదు. సాన పట్టి ఇస్తా, కూర్చో."

సానరాయి మీద నీళ్ళు చల్లి రుద్దసాగాడు. మైమూన్ గ్లాసుతో రసం తీసుకెళ్ళి నారాయణ చేతిలో పెట్టింది. అతను తాగలేదు. తర్వాత కొంచెం తాగాడు. రాయి మీద కత్తి సర్రు సర్రుమంటూనే ఉంది. ఎప్పటికో అతనే నోరు విప్పాడు.

"మా అన్న మా చేన్ల నడుమ గట్టు దున్నేసినాడప్పా. అడిగితే నా పెండ్లాం ముందర చెంప మీద కొట్టినాడు."

"మీ అన్నంటే నిన్ను బుజాల మీద జమ్మలమడుగు తిరణాలకు ఎత్తుకోని పోయినోడే గదా? నువ్వే చెప్పినావు."

నారాయణ గ్లాసు కింద పెట్టి మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. రాయి చప్పుడు ఆగలేదు. అప్పుడు చూసింది సింధూ. విష్ణువర్ధన్ రాయికి ఆనించింది కత్తి మొండివైపు. సాయంత్రం దాకా రుద్దినా దానికి పదును రాదు. నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

"ఇంగా ఎంతసేపు?" అన్నాడు నారాయణ బొంగురుగా.

"ఇది ఈపొద్దు తెమిలేట్టు లేదు మామా. పా, మీ అన్న దగ్గరికి నేనూ వస్తా. ఆయన్నూ నాలుగు మాటలు అడగాల గదా."

నారాయణ బైకు తాళం అతని చేతికిచ్చి వెనక కూర్చున్నాడు. బండి తిప్పుతుంటే విష్ణువర్ధన్‌కు బెంచీ మీది మొహాలు కనబడ్డాయి. బండి కొంచెంలో పడేదే.

"మీరా! ఇప్పుడే వస్తా. పోవద్దండి, దండం పెడతా!"

"అంగడి?" అంది సింధూ.

"ఉండనీండి, ఏం కాదు!" అంటూనే వెళ్ళిపోయాడు.

తెరిచిన అంగడిని అట్లా వదిలేయడం వ్యాపారస్థుడి కూతురు చూడగలదా? సింధూ లేచి వెళ్ళి గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. అరటితోటలో కూలికి పోయే శ్యామలమ్మ అనే ఆమె వచ్చి చాకు కావాలంది.

"ఏం కోస్తావక్కా?" అని అడిగి, ఆ మాట తన నోట వచ్చినందుకు తానే ఆశ్చర్యపోయింది.

"ఆకులు. నా చెయ్యి సన్నం, పిడి లావుంటే జారతాది."

సింధూ నాలుగైదు తీసి ఆమె చేతిలో ఒక్కొక్కటే పెట్టి చూసింది. మడత కత్తుల్లో తెరిచాక గట్టిగా నిలిచేదేదో, వేలి మీద మూసుకునేదేదో తానే తెరిచి మూసి తెలుసుకుంది. చివరికి గరుకు పిడి ఉన్న చిన్నది శ్యామలమ్మకు కుదిరింది.

విష్ణువర్ధన్ వచ్చేసరికి పొద్దు వాలింది. చొక్కా నిండా దుమ్ము.

"ఏమైనాది?" అంది అవ్వ.

"అన్నాదమ్ములు బో అరుచుకున్నారవ్వా. నారాయణ మామ వాళ్ళ వదిన ఇద్దరికీ ఒకటే పళ్ళెంలో సంగటి పెట్టి తింటేనే మాట్లాడండి అనింది. తింటా ఉండారు. గట్టు సంగతి రేపు సర్వేయర్ని పిలిపిస్తారంట." అని సింధూ వైపు చూడలేక చూశాడు. "ఆపొద్దు మీ ఇంట్లో తప్పు చేసినా. చెయ్యి ఊరుకోలేదు."

"దేనికి తప్పు? తాడు కొరక్కుండా మా అమ్మ నోట్లో పండ్లు మిగిలినాయి," అంది సింధూ. "గానీ మీ అంగడి మాత్రం అధ్వాన్నంగా ఉంది. ఏది యాడుందో మీకన్నా తెలుసా? మళ్ళా సర్దాల."

"మీరే వచ్చి సర్దండి," అనేసి, తానన్నదేమిటో అర్థమై చెవులదాకా ఎర్రబడ్డాడు. అవ్వ పెద్దగా నవ్వింది.

బస్టాండు నుంచి సింధూ నాయనకు ఫోన్ చేసి, ఎక్కడున్నారో, ఏం చూశారో దాచకుండా చెప్పింది. అటువైపు అంగడి షట్టరు దించుతున్న చప్పుడు వినబడింది.

"మొండివైపు రుద్దినాడా?" అన్నాడు కాశీవిశ్వనాథం చివరికి.

"అవు నాయనా."

 ఆయన గొంతు సవరించుకున్నాడు. "పిల్లోని ఇంటోళ్ళకు రేపు నేను ఫోన్ చేస్తాలే. అవ్వకు ఏమన్నా తినిపించినావా లేదా?"

"బజ్జీలు తింటాంది."

"జాగర్తగా రాండి," అన్నాడాయన.

మాఘంలో పెళ్ళయింది.